పళ్ళు చూసి నా జబ్బు కనిపెట్టిన డాక్టరమ్మకు, మా అత్తమ్మకు, ఇంకొందరికి

ఒక్కొక్కరికీ ఫోన్ చేసి థాంక్స్ చెబుదామంటే మధ్యలో ఏడుపొచ్చేస్తుంది. అందుకే అందరికీ కలిపి ఇక్కడే రాస్తున్నాను.

ముందు కర్నూలులో మా పళ్ళ డాక్టరమ్మకు. చల్లనీళ్ళు తాగితే పళ్ళు జివ్వుమంటున్నాయని వెళ్ళాను. పై పళ్ళ లోపలివైపు అద్దం పెట్టి చూసి, అసిస్టెంట్ అమ్మాయిని బయటికి పంపి, తలుపు వేశారు. "ఏమీ అనుకోవద్దమ్మా. వాంతులు వాటంతటవే అవుతున్నాయా, మీరే చేసుకుంటున్నారా?" అన్నారు. కడుపులోని ఆమ్లం పదే పదే తగిలితే పళ్ళ లోపలివైపు ఎనామిల్, అంటే పంటి మీది గట్టి పొర, అరిగిపోతుందట. అంతకుముందు గ్యాస్ అనీ, అల్సర్ అనీ మాత్రలు రాసినవాళ్ళెవరూ ఈ మాట అడగలేదు. నన్ను చూస్తే అడగాలని తోచదు కూడా. తిండి జబ్బంటే అందరికీ ఎముకలు తేలిన అమ్మాయే గుర్తొస్తుంది. నా బరువు మామూలే. ఈ జబ్బున్న చాలామంది అలాగే ఉంటారట.

ఆమె తిట్టలేదు, నీతులు చెప్పలేదు. వాంతి అయిన వెంటనే బ్రష్ చేస్తే ఎనామిల్ ఇంకా పోతుంది, నీళ్ళతో పుక్కిలిస్తే చాలని చెప్పి, సైకియాట్రిస్ట్ మేడమ్ నంబరు చీటీ మీద రాసిచ్చారు.

మేడమ్ దీన్ని బులీమియా అన్నారు, అంటే అదుపు లేకుండా తినేసి, బరువు పెరుగుతామన్న భయంతో వాంతి చేసుకునే జబ్బు. 1979లో లండన్‌లో జెరాల్డ్ రస్సెల్ అనే డాక్టర్ ఈ జబ్బును వివరించి ఆ పేరు పెట్టారట. నా ఒక్కదానికే పట్టిన పాడు అలవాటు అనుకుంటూ బతికినదాన్ని, నేను పుట్టకముందే దీనికో పేరుందని వింటే గుండె మీద బరువు దిగింది. రక్తపరీక్షలో పొటాషియం తక్కువొచ్చింది. అది బాగా పడిపోతే గుండె లయ తప్పుతుంది, ప్రాణానికే ముప్పని చెప్పి ముందు దాన్ని సరిచేశారు.

తర్వాత మొదలుపెట్టిన వైద్యం విని నేనే నమ్మలేదు. వేళకు తినడం! మూడు పూటలా అన్నమో టిఫినో, మధ్యలో ఏదైనా చిరుతిండి. పగలంతా కడుపు మాడ్చుకుంటే రాత్రికి ఆకలి అదుపు తప్పుతుంది, తిన్నాక భయం, భయంతో వాంతి, దాన్ని పూడ్చడానికి మర్నాడు మళ్ళీ పస్తు. ఆ గొలుసు తెగాల్సింది పస్తు దగ్గరేనట. ఒక మాత్ర కూడా రాశారు, ఫ్లూవాక్సెటిన్. డిప్రెషన్‌కు ఇచ్చేదే, దీనికీ పనిచేస్తుందట.

పస్తు అంటే నా ఒక్కపొద్దులే. గురువారం రాఘవేంద్రస్వామికని, శనివారం వెంకన్నకని. భక్తి అనుకుని ఎవరూ ఏమీ అనేవాళ్ళు కాదు. వాటిని ఆపాలంటే అత్తమ్మ ఒప్పుకోదని నా టెన్షన్. మొత్తం విని, "దేవుడేం నిన్ను కడుపు మాడ్చుకోమన్లేదులేమ్మా" అంది, అంతే. మరుసటి రోజు బరువు చూసే మిషన్‌ను పాత సామాన్లవాడికి వేసి ప్లాస్టిక్ బకెట్ తీసుకుంది. మా ఆయన అది కొన్న ధర తలచుకుని ఇప్పటికీ గొణుగుతాడు! అన్నం తిన్నాక గంటసేపు నన్ను మిద్దె మీద కూర్చోబెట్టుకుని, బాత్రూమ్ ఊసు రానీకుండా, ఊళ్ళో ఎవరి భూమి తగాదా ఎక్కడికొచ్చిందో చెబుతూ ఉండేది. ఆ తగాదాలన్నీ నాకిప్పుడు కంఠతా వచ్చు.

స్కూల్లో నా తోటి టీచర్లకూ థాంక్స్. నా క్యారియర్‌లోకి తొంగి చూడటం మానేశారు, పక్కన కూర్చుని తింటారు. పెళ్ళిళ్ళలో కలిసే బంధువులకు మాత్రం ఒక మనవి. ఒళ్ళు చేశావని గానీ, చిక్కావని గానీ అనకండి, ఓళిగ ఇంకొకటి వేసుకోమని బలవంతపెట్టకండి. పిల్లల చదువులు అడగండి, చెబుతాను.

పూర్తిగా తగ్గలేదు. మధ్యమధ్య చెడ్డ రాత్రులు వస్తాయి. అలాంటి ఒక రాత్రి, ఇంట్లో అందరూ నిద్రపోయాక 14416కు ఫోన్ చేశాను. టెలి మానస్ అని, మనసు బాగోలేనివాళ్ళకు ఫోన్‌లో సాయం చేసే లైను, 2022 అక్టోబరులో కేంద్రప్రభుత్వం మొదలుపెట్టింది, డబ్బు కట్టక్కర్లేదు, ఏ వేళైనా తెలుగులో మాట్లాడొచ్చు. అవతల ఒకామె నేను ఏడ్చినంతసేపూ ఫోన్ పెట్టేయకుండా ఉంది. పేరు అడగడం కూడా తోచలేదు. ఆమెకూ నా నమస్కారం.