వెండి నాణేలకు విలువ కట్టే పద్ధతిని మేము ఎందుకు మార్చుకున్నాం

మా ఖాతాదారులకు నమస్కారం.

పెద్దల నుంచి వచ్చిన పాత వెండి నాణేలకు విలువ కట్టించుకోవడానికి వచ్చేవారికి ఇన్నాళ్లూ మేము ఒకే అంకె చెబుతూ వచ్చాం. నాణేన్ని తూచి, అందులో మేలిమి ఎంతో లెక్కగట్టి, ఆనాటి వెండి ధర ప్రకారం చెప్పే అంకె అది. అది చాలదని మా పొరపాటు వల్లనే తెలిసింది.

ఒకాయన తమ నాయనమ్మ దాచిన ఏడు విక్టోరియా రూపాయలు తెచ్చారు. అన్నిటి మీదా 1862 అనే ఉండడంతో ఏడింటినీ కలిపి ఒకేసారి తూచి, వెండి లెక్కనే కొన్నాం. వారం తర్వాత ఒక్కొక్కటీ భూతద్దం కింద పెట్టి చూస్తే, రెండింటి మీద బొరుసు వైపు, సంవత్సరం దగ్గర, మిగతా అయిదింటి మీద లేని సన్నటి చుక్కలు కనిపించాయి. ఆ రూపాయలను 1874 దాకా 1862 అన్న అంకె మార్చకుండానే ముద్రించారు. అసలు ఏ ఏటివో, ఏ టంకశాలవో తేల్చుకోవడానికి సేకర్తలు చూసేది ఆ చుక్కలను, బొమ్మలోని చిన్న చిన్న తేడాలనే. మేము చూడవలసినదే చూడలేదు. ఆయనకు ఫోన్ చేసి ఉన్న విషయం చెప్పాం. ఆయన ఒక నాణేన్ని వెనక్కి తీసుకుని, రెండోదానికి రావలసిన తేడా సొమ్ము తీసుకున్నారు.

ఇకమీదట ప్రతి నాణేన్నీ విడిగా చూసి, లోహం విలువ ఒక చోట, సేకర్తలు ఇవ్వగల విలువ మరో చోట కాగితం మీద రాసి ఇస్తాం. ఆ కాగితం మీ చేతికి ఇచ్చిన రోజున మేము ఆ నాణేన్ని కొనం. విలువ చెప్పేవాడే అదే గంటలో బేరమాడితే మీకు అనుమానం రావడం సహజం, న్యాయం కూడా.

లోహం విలువకైనా తూకం ఒక్కటే ఆధారం కాదు. బ్రిటిష్ ఇండియా రూపాయి బరువు 11.66 గ్రాములు, అందులో 91.7 శాతం వెండి, అంటే దాదాపు 10.69 గ్రాముల మేలిమి. 1940 నుంచి అదే బరువులో వెండిని 50 శాతానికి తగ్గించారు కాబట్టి, చూపుకు ఒకేలా ఉన్న రెండు రూపాయల మధ్య చాలా తేడా రావచ్చు. అనుమానం ఉన్నప్పుడు నాణేన్ని దారానికి కట్టి నీళ్లలో వేలాడదీసి మళ్లీ తూస్తాం. మంచి వెండి రూపాయి అయితే నీళ్లలో సుమారు 1.13 గ్రాములు తగ్గుతుంది. రాగి పాలు పెరిగితే ఆ తగ్గుదల ఇంకా ఎక్కువగా ఉంటుంది. అయస్కాంతానికి అంటుకోనంత మాత్రాన వెండి అనుకోకూడదు, రాగీ సీసమూ కూడా అంటుకోవు.

పాతదనం చూసి కూడా విలువ ఊహించుకోవద్దు. ఆస్ట్రియాను ఏలిన మరియా థెరీసా బొమ్మతో వచ్చిన థేలర్ అనే వెండి నాణెం మీద 1780 అని ఉంటుంది, కానీ ఆమె మరణించిన ఆ సంవత్సరం అంకెతోనే తరువాత ఎన్నో దశాబ్దాల పాటు అనేక టంకశాలలు దాన్ని ముద్రించాయి. అలాంటి నాణెం తెచ్చినవారికి మేము చాలాసార్లు వెండి విలువ మాత్రమే రాసి ఇవ్వవలసి వస్తుంది. ఎన్ని ముద్రించారు, ఎన్ని కరిగిపోయాయి, మీ చేతిలో ఉన్నది ఎంత అరిగింది అన్నవే అసలు లెక్క.

అందుకే మిమ్మల్ని బతిమాలి అడుగుతున్నాను, నాణేన్ని తోమి తీసుకురావద్దు. నల్లబడింది కదా అని పొడితో రుద్దినా, పులుపులో నానబెట్టినా, బట్టతో గట్టిగా తుడిచినా పైపొర పోతుంది, సన్నటి గీతలు పడతాయి. ఆ మెరుపు చూసి మీరు సంతోషిస్తారు, సేకర్త మాత్రం ఆ గీతలు చూసి ధర తగ్గిస్తాడు. ఆ నలుపు వెండి గాలిలోని గంధకంతో కలవడం వల్ల ఏర్పడినది. అది నాణేనికి హాని కాదు. మీ పెద్దలు కట్టిన గుడ్డ మూటలోనే తెచ్చినా ఫరవాలేదు, అంచులు పట్టుకుని మేమే విప్పుతాం.

గత సంవత్సరంలో మాకు నాణేలు అమ్మినవారు ఆ రసీదు తీసుకుని రండి. మా దగ్గర ఇంకా ఉన్నవాటిని మీ ఎదుటే మళ్లీ చూసి, తక్కువ ఇచ్చి ఉంటే తేడా చెల్లిస్తాం. కొన్ని అప్పటికే కరిగించడానికి వెళ్లిపోయాయి. వాటిని మళ్లీ చూడడం సాధ్యం కాదు. అందుకు క్షమించమని అడగడం తప్ప నా దగ్గర వేరే జవాబు లేదు.