డిసెంబరు హిల్ క్లైంబ్ వాయిదా: బ్రేకు వాషర్ల సంగతి ఉన్నది ఉన్నట్టు

మన గ్యారేజీకి ఏళ్లుగా పాత బళ్లు తెస్తున్న అందరికీ నమస్కారం.

డిసెంబరులో అరకు దారిలోని అనంతగిరి ఘాట్ మీద పెట్టుకున్న మన పాత కార్ల హిల్ క్లైంబ్, అంటే కొండదారి ఎక్కే కార్యక్రమం, ఈసారి లేదు. ఫిబ్రవరి రెండో ఆదివారానికి మార్చాం. వర్షం వల్లా కాదు, పర్మిషన్ రాకా కాదు. సెప్టెంబరు నుంచి మేం బ్రేకుల్లో వేసిన రబ్బరు వాషర్లు ఉబ్బిపోతున్నాయి. మొత్తం పదకొండు బళ్లలో వేశాం. ఫోన్లో తలా కొంత చెప్పేసరికి ఒకరికి తెలిసింది ఇంకొకరికి తెలియలేదు. అందుకే అంతా ఇక్కడ రాస్తున్నాం.

ముందు ముఖ్యమైన మాట. సెప్టెంబరు తర్వాత మా దగ్గర మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే బ్రేక్ ఆయిల్‌ని చక్రాలకు నెట్టేది) కిట్టు గానీ, వీల్ సిలిండర్ (చక్రం దగ్గర బ్రేకుని ఒత్తించేది) కిట్లు గానీ, అంటే ఈ వాషర్ల సెట్లు, మార్పించుకున్న అంబాసిడర్, ఫియట్, స్టాండర్డ్ హెరాల్డ్ ఏదైనా సరే, కదపకండి. సింహాచలం కొండ దాకానే కదా, కైలాసగిరి దాకానే కదా అని కూడా వద్దు. కబురు చేస్తే బండిని ట్రక్కు మీద ఎక్కించుకుని మేమే తెచ్చుకుంటాం. ఆ కిరాయి మాది.

ఇది బయటపడింది ట్రయల్‌లో. నవంబరులో ఒక అంబాసిడర్ ముందు, మా వ్యాను వెనక, శృంగవరపుకోట దాటి ఘాట్ ఎక్కుతున్నాం. థర్డ్ గేరులో సులువుగా లాగాల్సిన చోట సెకండ్ అడిగింది. ఇంకో నాలుగు మలుపులు తిరిగాక సెకండ్‌లో కూడా మూలిగింది. కొండ మీద బండికి బలం తగ్గితే అందరి చెయ్యీ ముందు కార్బొరేటర్ మీదకే పోతుంది. అందులో తప్పు లేదు. పైకి పోయే కొద్దీ గాలి పలచబడుతుంది, మిక్చర్ రిచ్ అవుతుంది (గాలి తగ్గి పెట్రోలు పాలు ఎక్కువవుతుంది), ప్రతి 300 మీటర్లకు ఇంజను బలం సుమారు 3 శాతం తగ్గుతుంది. అరకు ఎత్తు దాదాపు 900 మీటర్లు. 1489 సీసీ ఇంజనుకున్న యాభై గుర్రాల్లో అక్కడికి వెళ్లేసరికి నాలుగైదు పోతాయి. కానీ మేమింకా కొండ మొదట్లోనే ఉన్నాం. అంత కింద అంత బలం పోవడానికి గాలి కారణం కాదు.

ఆపి నాలుగు చక్రాల బ్రేకు డ్రమ్ములకూ టెంపరేచర్ గన్ పెట్టాం. ముందు కుడి 168 డిగ్రీలు, ముందు ఎడమ 161, వెనక రెండూ 140 దాటి. డ్రైవరు బ్రేకు తొక్కింది రెండు మూడు సార్లే. ఎక్కుడులో మా లెక్క ప్రకారం డ్రమ్ము 60 నుంచి 80 డిగ్రీల మధ్య ఉండాలి. ఒక్క చక్రమే వేడెక్కితే ఆ వీల్ సిలిండరో, దానికి ఆయిల్ తెచ్చే రబ్బరు గొట్టం, అంటే హోసో అనుకోవచ్చు. నాలుగూ కలిసి కాలితే మాస్టర్ సిలిండర్‌ను చూడాలి. వెనక చక్రాలకు చెక్క దిమ్మెలు పెట్టి, ముందు చక్రం జాకీ మీద లేపి తిప్పితే కదల్లేదు. మాస్టర్ సిలిండర్ దగ్గర పైపు నట్టు పావు చుట్టు వదులు చేయగానే బ్రేక్ ఆయిల్ చిమ్మింది, చక్రం వదిలేసింది. అక్కడ వదలకుండా, చక్రం దగ్గర గాలి తీసే బ్లీడింగ్ నిపుల్ తిప్పినప్పుడే వదిలి ఉంటే హోసు లోపల వాచి మూసుకుపోయిందని అర్థం. ఈ వరస గుర్తుపెట్టుకోండి, ఘాట్ మీద పనికొస్తుంది.

లోపల జరిగింది ఇది. మాస్టర్ సిలిండర్‌లో వాషర్ పెదవికి కాస్త ముందు సూది మొనంత రంధ్రం ఉంటుంది. పెడల్ వదిలినప్పుడు లైన్లో మిగిలిన ఒత్తిడి అందులోంచే తొట్టిలోకి పోవాలి. వాషర్ ఉబ్బితే దాని పెదవి ఆ రంధ్రాన్ని కప్పేస్తుంది. ఆయిల్‌కి వెనక్కి పోయే దారి ఉండదు. షూలు (డ్రమ్ముని లోపలి నుంచి ఒత్తి ఆపే పట్టీలు) డ్రమ్ముకి రాసుకుంటూ ఉంటాయి. ఆ రాపిడికి వేడి, వేడికి ఆయిల్ వ్యాకోచం, వ్యాకోచానికి ఇంకా ఒత్తిడి, దాంతో ఇంకా రాపిడి. కాలు పెట్టకుండానే బ్రేకు తనంతట తాను పట్టేస్తుంది. పెడల్ మీద అర అంగుళం ఉండాల్సిన వదులు పోయి, చెక్కలా గట్టిగా తగులుతుంది. చాలామంది దాన్నే మంచి బ్రేకు అనుకుంటారు.

ఊళ్లో పది నిమిషాలు తిప్పితే ఇది తెలియదు. ఇంగ్లండులో షెల్స్‌లీ వాల్ష్ కొండ మీద 1905 నుంచి హిల్ క్లైంబ్ జరుగుతోంది. ఆ దారి మొత్తం 1000 గజాలు. అక్కడైతే ఈ లోపం ఉన్నా డ్రమ్ము వేడెక్కేలోపే పరుగు అయిపోతుంది. స్విట్జర్లాండులో 1922 నుంచి 1934 దాకా జరిగిన క్లౌజెన్ లాంటి 21.5 కిలోమీటర్ల ఎక్కుడులోనో, మన అనంతగిరి ఘాట్‌లోనో దాగదు.

షెడ్డుకి తెచ్చి విప్పాం. అదే లాటులో వాడకుండా మిగిలిన వాషర్లు తీసి రెండు హార్లిక్స్ సీసాల్లో వేశాం. ఒకదాంట్లో బ్రేక్ ఆయిల్, రెండోదాంట్లో ఇంజనాయిల్. పక్కన ఇంకో రెండు సీసాల్లో మా దగ్గరున్న పాత మంచి వాషర్లు అలాగే వేశాం. మూడు రోజులు ఉంచాం. కొత్తప్పుడు 23.1 మిల్లీమీటర్లున్న వాషర్ బ్రేక్ ఆయిల్‌లో 25.6 అయింది. పెదవి మెత్తబడి, వేలితో వంచితే నానిన శనగపప్పులా గోరు దిగింది. ఇంజనాయిల్‌లో వేసింది మాత్రం చెక్కుచెదరలేదు. మంచి వాషర్లది సరిగ్గా తలకిందులు: బ్రేక్ ఆయిల్‌లో నిక్షేపంగా ఉన్నాయి, ఇంజనాయిల్‌లో ఉబ్బి పాడయ్యాయి.

దీని అర్థం ఒక్కటే. బ్రేక్ ఆయిల్ అని నోటి అలవాటుగా అంటాం గానీ అది నూనె కాదు, గ్లైకాల్ రకం ద్రవం. దానికి ఈపీడీఎం లాంటి రబ్బరు కావాలి. నూనెకి తట్టుకునేది నైట్రైల్ రబ్బరు. అది ఇంజను సీళ్లకి మేలు, బ్రేకుకి పనికిరాదు. రెండూ నల్లగానే ఉంటాయి, కంటికి తేడా తెలియదు. మాకు వచ్చిన లాటు పొరపాటు రబ్బరుతో పోసింది.

సరఫరాదారుకి ఫోటోలు, కొలతలు పంపాం. ముందు మీ బ్రేక్ ఆయిల్ కల్తీ అన్నారు. సీలు విప్పని డబ్బాలోంచి మళ్లీ చేసి చూపించాం. తర్వాత అన్న మాట ఇప్పటికీ మింగుడు పడటం లేదు: మీ కుర్రాళ్లు వాషర్లని పెట్రోలుతో కడిగి ఉంటారు, అందుకే ఉబ్బాయి అన్నారు. పెట్రోలు, కిరోసిన్, గ్రీజు తగిలితే మంచి బ్రేకు రబ్బరు ఉబ్బుతుంది, నిజమే. అందుకే మా షెడ్డులో బ్రేకు పని బల్ల వేరు, ట్రే వేరు, గుడ్డ వేరు. సిలిండర్ని స్పిరిట్‌తో కడుగుతాం. వాషర్‌కి బ్రేక్ ఆయిల్ తప్ప ఇంకేదీ తగలనివ్వం. కొత్తగా చేరిన కుర్రాడికి పానా పట్టుకోవడం కంటే ముందు ఇదే నేర్పుతాం. పైగా సీసాల్లో వేసినవి కవరు చింపి నేరుగా వేసినవి, ఎవరి చెయ్యీ కడగలేదు. ఆ మాటే చెబితే జవాబు లేదు. డబ్బు వెనక్కి ఇస్తామన్నారు, తీసుకున్నాం. తప్పు తమదే అని ఒక్క ముక్క రాసివ్వమన్నాం, రాయలేదు. ఇక వాళ్ల సరుకు, ఆఖరికి ఫ్యాన్ బెల్టు కూడా, ఈ షెడ్డు గుమ్మం తొక్కదు.

అంత చెప్పాక మా తప్పు కూడా చెప్పాలి. పాత సరుకైతే నానబెట్టి చూసేవాళ్లం, కొత్త ప్యాకింగ్ చూసి ఈ లాటుని నానబెట్టలేదు. మూడు రోజులు ఓపిక పడితే సెప్టెంబరులోనే దొరికేది.

అసలు తేల్చుకోలేక నాలుగు రోజులు నలిగింది వాయిదా గురించి. మీలో కొందరు సెలవులు పెట్టుకున్నారు, అరకులో గదులు తీసుకున్నారు, హైదరాబాద్ నుంచి చుట్టాలు వస్తున్నారు. మీ నుంచే మూడు సలహాలు వచ్చాయి. మొదటిది, పాత వాషర్లతోనే ఉన్న మూడు బళ్లనైనా పంపండి అని. రెండోది, అందరం ఎక్కుదాం, దిగేటప్పుడు ట్రక్కుల మీద దింపుదాం అని. మూడోది, ఈ గొడవంతా ఎందుకు, ముందు చక్రాలకు డిస్కు బ్రేకులు వేసేయండి అని.

మూడోదానికి జవాబు తేలిక. వెయ్యం. సరిగ్గా కూర్చిన డ్రమ్ము బ్రేకు, సెకండ్ గేరులో దిగే డ్రైవరు ఉంటే అనంతగిరి ఘాట్‌కి చాలు. పైగా ఇక్కడ ఓడింది డ్రమ్ము కాదు, రబ్బరు. అదే రబ్బరు మాస్టర్ సిలిండర్‌లో ఉంటే డిస్కు కూడా అలాగే పట్టేస్తుంది.

రెండో సలహాకి నిజంగా మనసు లాగింది. దిగుడులోనే కదా బ్రేకు పని, ఎక్కుడులో ఏముంది అనిపిస్తుంది. కానీ ఈ లోపం ఎక్కుడులోనే మొదలవుతుంది, ట్రయల్‌లో కళ్లారా చూశాం. డాట్ 3 రకం బ్రేక్ ఆయిల్ కొత్తది 205 డిగ్రీల దగ్గర మరుగుతుంది. తేమ పీల్చుకున్నాక 140కే మరుగుతుంది. షూలు అలా రాసుకుంటూ ఇంకో పది కిలోమీటర్లు ఎక్కితే ఆ వేడి వీల్ సిలిండర్‌కి పాకుతుంది. ఆయిల్ మరిగి ఆవిరి బుడగలు పుడితే, అప్పటిదాకా చెక్కలా ఉన్న పెడల్ ఒక్కసారిగా నేలకి పోతుంది. ముందు పట్టేసిన బ్రేకే తర్వాత లేకుండా పోతుంది. అది ఏ మలుపు దగ్గర జరుగుతుందో ఎవరూ చెప్పలేరు.

మొదటిది మిగిలింది. మూడు బళ్లు పంపొచ్చు, వాటిలో లోపం లేదు. కానీ డిసెంబరులో ఘాట్ నిండా టూరిస్టు బళ్లు, పొద్దున్నే మంచు. మా వ్యాను, మా మనుషులు ఆ మూడింటి వెనక పోతే ఇక్కడ విప్పిన బళ్లు అలాగే పడుంటాయి. పదకొండు బళ్ల బ్రేకులు మా వల్ల పాడయ్యి ఉండగా కొండ మీద జెండా ఊపడానికి చెయ్యి రాలేదు. అందుకే అందరికీ వాయిదా. ఆ ముగ్గురికీ కోపం వచ్చింది, న్యాయమే. గదుల అడ్వాన్సు పోయినవాళ్లు రసీదు పంపండి, ఆ మొత్తం మీ తర్వాతి సర్వీసు బిల్లులో తగ్గిస్తాం.

ఇప్పుడు జరుగుతున్న పని. పదకొండు బళ్లకీ మాస్టర్, వీల్ సిలిండర్లు మొత్తం విప్పుతున్నాం. వేరే చోటి నుంచి తెప్పించిన ఈపీడీఎం వాషర్లని లాటుకి రెండు చొప్పున మూడు రోజులు నానబెట్టి, కొలిచాకే వేస్తున్నాం. ఉబ్బిన రబ్బరు పొడి లైన్లలో ఉండిపోతుంది కాబట్టి బండికి లీటరు కొత్త ఆయిల్ పోసి పైపులు కడుగుతున్నాం. హోసులు ఎలా ఉన్నా మారుస్తున్నాం. ఆయిల్ లైన్లలో గాలి తీసే వరస మాస్టర్ సిలిండర్‌కి దూరం నుంచి దగ్గరికి: వెనక ఎడమ, వెనక కుడి, ముందు ఎడమ, ముందు కుడి. వాషర్లు, ఆయిల్, కూలి మావి. హోసుల ధర కూడా మాదే. అరిగిన షూ లైనింగులుంటే మాత్రం అవి మీ ఖర్చు, ముందే చూపించి అడుగుతాం.

ఆయిల్ ఇకపై అన్నింటిలో డాట్ 4. అది కొత్తగా 230, తేమతో 155 దగ్గర మరుగుతుంది. ఈ ద్రవం గాలిలో తడిని పీలుస్తుంది. సముద్రం పక్కన ఉన్న మన ఊళ్లో రెండేళ్లు ఆగకండి, ఏటా మార్పించండి. సగం వాడి మూత పెట్టిన డబ్బా తెచ్చి పోయమంటే పొయ్యం.

ఫిబ్రవరి గురించి. మనది వేగం పందెం కాదు, ఆ పద్ధతి మారదు. ప్రభుత్వ అనుమతి లేకుండా రోడ్డు మీద పందెం కట్టడం మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ కింద నేరం. ఒకే దారి రెండుసార్లు ఎక్కి, రెండు టైములకీ తేడా ఎవరిది తక్కువైతే వాళ్లది పైచేయి. వెనక వ్యాను ఎప్పటిలాగే ఒక మలుపు దూరంలో వస్తుంది. దగ్గరగా వస్తే డ్రైవరు అద్దంలో చూసుకుంటూ తొందరపడతాడు. ఈసారి కొత్తది ఏమిటంటే, సగం దారిలో ప్రతి బండినీ ఆపి నాలుగు డ్రమ్ములూ గన్‌తో చూస్తాం. 120 దాటినా, జత చక్రాల మధ్య 40 డిగ్రీల తేడా ఉన్నా ఆ బండి అక్కడే ఆగుతుంది. టైము పోయిందని వాదించొద్దు.

డిసెంబరు కంటే అప్పుడు ఎండ ఎక్కువ. పెట్రోలులో కలిపే ఇథనాల్ 78 డిగ్రీలకే ఆవిరవుతుంది కాబట్టి ఇంజను పక్కనున్న ఫ్యూయల్ పంపు దగ్గర ఆవిరి పట్టి బండి ఆగే అవకాశం ఉంది. ఫ్యూయల్ పైపు ఎగ్జాస్టుకి దగ్గరగా పోతుంటే పక్కకి జరిపి కట్టిస్తాం, పాత రబ్బరు పెట్రోలు పైపులు ఇథనాల్ తట్టుకునేవాటితో మారుస్తాం. బ్రేకు పనికి బండి షెడ్డులో ఉన్నప్పుడే ఇది కూడా అయిపోతుంది.

జనవరి చివరికి పదకొండూ అయిపోతాయి. ముందు దూరం ఊళ్లవాళ్లవి, తర్వాత విశాఖలోవి. నానబెట్టిన నాలుగు సీసాలూ ముందు బల్ల మీదే ఉన్నాయి, కొలిచే వెర్నియర్ పక్కనే ఉంది. వచ్చినప్పుడు వాషర్ తీసి మీ చేత్తో మీరే కొలుచుకోండి.