కుర్చీ కదిలింది, రంగస్థలం తిరిగింది

బెంగళూరు,
ఆదివారం మధ్యాహ్నం.

ప్రియమైన మిత్రమా,

నీ ఉత్తరానికి ఇంత ఆలస్యంగా జవాబు రాస్తున్నందుకు మన్నించు. అమ్మ మోకాళ్ల నొప్పి తగ్గింది, చిన్నవాడు పదో తరగతికి వచ్చాడు, చెల్లెమ్మ పంపిన గోంగూర పచ్చడి భద్రంగా అందింది. ఇంటి విశేషాలు ఇంతే. ఇక అసలు సంగతికి వస్తాను. నా నోట నువ్వు గింజ నానదని నీకు తెలుసు. అయినా ఈ విషయం నీకు తప్ప ఎవరికి చెప్పినా సగమే అర్థమవుతుందని ఇన్నాళ్లూ దాచి ఉంచాను.

మా బడిలో ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు పిల్లలకు నాటకం నేర్పుతున్నానని కిందటి ఉత్తరంలో రాశాను కదా. ఒకే గుంపులో హిందూపురం తెలుగు, చిత్తూరు తెలుగు, కన్నడం, తమిళం, హిందీ అన్నీ వినిపిస్తాయి. ఈ ఏడాది సంభాషణల జోలికి పోకముందే రంగస్థలంలోని భాగాలు వాళ్లకు బాగా పట్టుబడాలని నిశ్చయించుకున్నాను. ప్రేక్షకులకు దగ్గరగా ఉన్నది డౌన్‌స్టేజ్, దూరంగా ఉన్నది అప్‌స్టేజ్, ప్రేక్షకులకు ఎదురుగా నిలబడిన నటుడి కుడిచేతి వైపు స్టేజ్ రైట్, ఎడమచేతి వైపు స్టేజ్ లెఫ్ట్, నడుమ సెంటర్: అడ్డంగా మూడు, నిలువుగా మూడు, మొత్తం తొమ్మిది గళ్లు. నల్లబల్ల మీద గీసి చెబితే పది నిమిషాల పని. అయితే బల్ల మీద చూసి నేర్చుకున్నది కాళ్లలోకి దిగదు. పరిషత్తు నాటకాలు ఆడే రోజుల్లో మనకు ఈ గళ్ల పేర్లు ఎవరు చెప్పారు? మైకు ఎక్కడ ఉంటే అదే మన సెంటర్. నువ్వు ఈపాటికి ఆ మూడో మైకు సంగతి తలుచుకుని నవ్వుతూ ఉంటావు; కానివ్వు, దాని గురించి నేనేమీ రాయను.

హాలులో నేల మీద రంగు టేపు అంటించి తొమ్మిది గళ్లు వేశాను. నేను గడి పేరు చెప్పగానే అందరూ అందులోకి పరుగెత్తాలి, చివరగా చేరినవాళ్లు వచ్చి నా పక్కన ప్రేక్షకులుగా కూర్చోవాలి. అలా కూర్చున్నవాళ్లు తర్వాతి పేరు పిలుస్తారు కాబట్టి ఓడినవాళ్లకు కూడా పాఠం సాగుతూనే ఉంటుంది. పన్నెండేళ్ల పిల్లలకు పరుగెత్తమని చెప్పడం కన్నా పెద్ద బహుమతి లేదు. పీరియడ్ ముగిసేసరికి పేరు పూర్తిగా పలకకముందే గడిలో ఉంటున్నారు.

వాళ్ల కళ్లను గమనించినప్పుడు మాత్రం నాకు ఒక విషయం తట్టింది. స్టేజ్ లెఫ్ట్ అనగానే అందరి చూపు ఒకేసారి కిటికీ వైపు పోతోంది. స్టేజ్ రైట్ అంటే మంచినీళ్ల ఫిల్టరు వైపు పోతోంది. వాళ్లు నేర్చుకున్నది ఆ గది గుర్తులు. వార్షికోత్సవం నాడు పెద్ద హాలులో కిటికీ ఉండదు, ఫిల్టరూ ఉండదు.

నేనేమీ మాట్లాడకుండా నా కుర్చీ తీసుకువెళ్లి ఎదుటి గోడ దగ్గర వేసుకుని కూర్చుని, "డౌన్‌స్టేజ్ రైట్" అన్నాను. సగం మంది అలవాటు ప్రకారం పాత మూలకు పరుగెత్తారు, కొందరు నడుమ ఆగిపోయారు, ఇద్దరు ఢీకొని కింద పడ్డారు. ఆరో తరగతి పిల్ల ఒకతి, హిందూపురం అమ్మాయి, కదలకుండా నిలబడి నా వైపు చూసింది. తన కుడిచెయ్యి కొంచెం ఎత్తి దాన్ని ఒకసారి చూసుకుంది. తర్వాత నెమ్మదిగా నడుస్తూ నా దగ్గరి మూలలో, అంటే అంతవరకు అందరూ అప్‌స్టేజ్ లెఫ్ట్ అని పిలుస్తున్న గడిలోకి వెళ్లి నిలబడింది. పెద్ద పిల్లలు తప్పు తప్పు అని అరిచారు. ఆ పిల్ల ఏమాత్రం తొణకలేదు. "సార్ ఈడ కూర్చుండారు గదా, అందుకే ఇదే ముందర. సార్ లేచి యాడికి పోతే ముందర ఆడికే పోతాది" అంది.

మిత్రమా, ఆ మాట విన్న క్షణంలో నాకు మనకు నాటకం నేర్పిన మాస్టారు గుర్తుకు వచ్చారు. ఆయన పోయారన్న వార్త నీ ఉత్తరంలో చదివిన దగ్గరనుంచి మనసు బరువుగానే ఉంది. రిహార్సల్‌లో ఆయన ఒక్క చోట కుదురుగా కూర్చునేవారు కాదు, జ్ఞాపకం ఉందా? ఒక రంగాన్ని చివరి వరస నుంచి చూస్తే, మరో రంగాన్ని పక్క వరస చివర కూర్చుని చూసేవారు. మనం అది ఆయన నడుం నొప్పి వల్ల అనుకునేవాళ్లం. ఆయనకు ఈ పిల్లను చూపించగలిగి ఉంటే ఎంత... సరే, ఇప్పుడు అది రాస్తే ఉత్తరం ముందుకు సాగదు.

ఆ తర్వాత నా కుర్చీ నాకు దక్కలేదు. పిల్లలే దాన్ని ఒకసారి కిటికీ దగ్గర, ఒకసారి తలుపు దగ్గర వేస్తూ, ఒకరిని ప్రేక్షకుడిగా కూర్చోబెట్టి ఆట కొనసాగించారు. ఒకడు దాన్ని తీసుకుపోయి సరిగ్గా సెంటర్ గడిలో వేసి కూర్చున్నాడు. అందరూ అతని చుట్టూ నిలబడి, ఇప్పుడు డౌన్‌స్టేజ్ ఎక్కడని వాదించుకున్నారు. అప్పుడు మన ఊళ్లలో జనం చుట్టూ కూర్చుని వీధి భాగవతాలు చూసే పద్ధతి గురించి చెప్పాను. పరుగులు ఆగిపోయి, చాలాసేపు ప్రశ్నలే నడిచాయి.

నేల చదునుగా ఉంటే పైన, కింద అని ఎందుకంటారని ఏడో తరగతి కుర్రవాడు అడిగాడు. ఒక డ్రాయింగ్ బోర్డు తెప్పించి, దాని మీద చదరంగం బంట్లను ఒకదాని వెనక ఒకటి నిలబెట్టి, అంచు దగ్గర కన్ను పెట్టి చూడమన్నాను. ముందు బంటు తప్ప ఏదీ కనబడలేదు. బోర్డు వెనక అంచు కింద పుస్తకం పెట్టేసరికి వెనక బంట్ల తలలు ఒక్కొక్కటిగా పైకి వచ్చాయి. పాతకాలపు యూరప్ నాటకశాలల్లో రంగస్థలాన్నే ఇలా వాలుగా కట్టేవారని, తర్వాత ప్రేక్షకుల కుర్చీలను మెట్లుగా ఎత్తి నేలను చదును చేశారని అప్పుడు చెప్పాను. ప్రతి ఒక్కరూ వంతు వేసుకుని బోర్డు అంచున కన్ను పెట్టి చూశారు.

ఇంకో ఆట గురించి చెప్పకుండా ఉండలేను. ఇద్దరిని డౌన్‌స్టేజ్‌లో పక్కపక్కన నిలబెట్టి మాట్లాడుకోమంటాను. ఒకరికి మాత్రం, మాట్లాడుతూ ఒక్కొక్క అడుగే వెనక్కి వెయ్యమని చెవిలో చెబుతాను. రెండోవాడు బదులు చెప్పాలంటే మెల్లగా వెనక్కి తిరగక తప్పదు. అతని వీపు కనబడగానే ప్రేక్షకులు చప్పట్లు కొట్టాలి. ఎదుటి నటుడి ముఖాన్ని ప్రేక్షకులకు దక్కనివ్వకపోవడం ఎంత అన్యాయమో ఎవరూ ఉపన్యాసం ఇవ్వనక్కర లేకుండా వాళ్లకు తెలిసిపోయింది. మన "వీపు బావగారు" జిల్లా పోటీల్లో చేసింది సరిగ్గా ఇదే కదా!

నాట్యశాస్త్రంలోని కక్ష్యా విభాగాన్ని, అంటే ఒకే రంగస్థలాన్ని వేర్వేరు చోట్లుగా ఊహించుకునే పద్ధతిని కూడా ఆటగా మార్చాను. ముందుగా ప్రవేశించినవాళ్లు ఇంట్లో ఉన్నట్లు, తర్వాత వచ్చినవాళ్లు బయట ఉన్నట్లు లెక్క. రంగస్థలం మీద ఒక చుట్టు తిరిగితే చోటు మారినట్లు లెక్క. గడప లేదు, తలుపు లేదు, అయినా ఎనిమిదో తరగతి పిల్లలు చుట్టు తిరిగి అడవిలోకి వెళ్లి, మళ్లీ చుట్టు తిరిగి ఊరికి వచ్చారు.

కిందటి శనివారం వాళ్లను జె.పి. నగర్‌లోని రంగశంకరకు తీసుకువెళ్లాను. కన్నడ నటుడు, దర్శకుడు శంకర్ నాగ్ స్మృతిగా ఆయన భార్య అరుంధతీ నాగ్ పూనికతో 2004లో తెరుచుకున్న నాటకశాల అది. నాటకం మొదలయ్యాక అక్కడ ఎవరినీ లోపలికి రానివ్వరు కాబట్టి, సిల్క్ బోర్డు దగ్గర ట్రాఫిక్‌లో చిక్కుకున్నంతసేపూ నా ప్రాణం గిలగిల్లాడింది. సమయానికి చేరాం. అక్కడ రంగస్థలం జనంలోకి చొచ్చుకుని వస్తుంది, మూడు వైపులా ప్రేక్షకులు కూర్చుంటారు. మా హిందూపురం పిల్ల నాటకం కన్నా నటుల పాదాలనే ఎక్కువగా చూసింది. బయటికి వస్తూ, "సార్, బాగా ముందరికి వచ్చినోళ్ల ముఖం పక్కన కూర్చున్నోళ్లకి కనపడదు గదా, అందుకేనా వాళ్లు ఆడ ఎక్కువసేపు నిలబడనిది?" అని అడిగింది. అటువంటి వేదిక మీద అప్‌స్టేజ్‌లో నిలబడితేనే మూడు వైపుల వాళ్లకూ ముఖం దొరుకుతుందని నాకు తెలియడానికి ఎన్నేళ్లు పట్టిందో నీకు తెలుసు.

వచ్చే వారం నుంచి మా నాటకానికి కదలికలు కూర్చడం మొదలుపెడతాం. పిల్లలందరూ స్క్రిప్టు పక్కన పెన్సిలుతో గళ్ల పేర్లు రాసుకుంటున్నారు. మాస్టారి చేతిరాతతో ఉన్న మన పాత ప్రాంప్టు కాపీ, అదే కదలికలన్నీ గుర్తు పెట్టుకున్న ఆ స్క్రిప్టు, నీ అటక మీద ఉంటే, జిరాక్సు అయినా తీయించి పంపు. అందులో ఆయన గీసిన బాణాలు వీళ్లకు చూపించాలి. రెండో అంకం తప్పకుండా పంపు, ముఖ్యంగా ఆ కుర్చీ ఘట్టం ఉన్న పేజీలు. అమ్మను డాక్టరు దగ్గరికి తీసుకువెళ్లడానికి ఆటో వచ్చింది, కింద హారన్ కొడుతున్నాడు. మిగిలింది రాత్రికి రాస్తాను.

నీ
మూడో మైకు మిత్రుడు