పంటు మీద పచ్చ రిబ్బను

ఒరేయ్ చెయినూ,

ఉత్తరం ఆలస్యమైందని తిట్టకు. దాళ్వా నాట్లు, పెద్దోడి ఇంటి లోను గొడవ, అమ్మ కంటి ఆపరేషను... అన్నీ బాగానే అయ్యాయి. అవి వదిలెయ్, అసలు సంగతి విను.

భీష్మ ఏకాదశికి అంతర్వేది తీర్థం వెళ్దామని నరసాపురం రేవులో గోదారి దాటించే పంటెక్కానా, మోటారుసైకిళ్ళ సందులోంచి ఎవరో ఆవిడ "మీ స్నేహితుడి సైకిల్ చెయిన్ బాగయిందాండీ?" అంది. తిరిగి చూస్తే పచ్చ రిబ్బను! అదేరా, కాలేజీ రోజుల్లో నువ్వు పడిచచ్చిన పిల్ల. ఇప్పుడు రిబ్బను లేదనుకో, జుట్టు నెరిసింది, కళ్ళజోడు వచ్చింది. తెలుసటరా! సఖినేటిపల్లి పంటు వచ్చే వేళకి తనని చూడ్డానికి నువ్వు కావాలని చెయిన్ పీకి కూర్చునే సంగతి కాలేజీ ఆడపిల్లలందరికీ తెలుసట. మనమేమో అదో దేవరహస్యంలా దాచుకున్నాం.

"మరి మీకు..." అని నసిగాను, నీ కోసమే. నవ్వేసింది. "నచ్చాడో లేదో చూసుకోవచ్చని మాకెవరు చెప్పారండీ? ఉద్యోగస్థుడన్నారు, తలొంచాను." పెళ్ళి 1984లోనట. కట్నం నేరమని 1961లోనే చట్టమొచ్చినా ఎకరం కొబ్బరితోట, స్కూటరూ ఇచ్చారట. (నేను మాట్లాడకూడదులే, మామగారి వాచీ ఇంకా నా చేతికే ఉంది.)

ఆయన "ఇదిగో" అని తప్ప పిలిచేవాడు కాదట. 1996 నవంబరు తుపాను గుర్తుందిగా, కోనసీమ కొబ్బరంతా కూలిపోయిన రాత్రి? పెంకులు ఎగిరిపోతుంటే ఈవిణ్ణీ పిల్లల్నీ మంచం కిందకి తోసి, తలుపుకి వీపు ఆనించి తెల్లార్లూ నిలబడ్డాడట. "ఆ రాత్రే ప్రేమించానండీ" అంది. అంతమందిలో, ఆయన పక్కనుండగా! ఆయన విననట్టు గోదారి చూస్తున్నాడు గానీ చెవులు ఎర్రబడ్డాయిరా. చొక్కా జేబులో ఆవిడ బీపీ మాత్రలు, అట్ట మీద పెన్నుతో "పొద్దున" అని రాసి.

చిన్నమ్మాయి హైదరాబాదులో ఉద్యోగమట. పెళ్ళిచూపుల్లో "వంట ఇద్దరం చేద్దాం, నా జీతంలో అమ్మానాన్నలకి పంపుతాను, సరేనా?" అందట. అబ్బాయి ఆలోచించి చెప్తానంటే "నేనూ ఆలోచించే చెప్తా"నందట. "దానికి తుపాను వచ్చేదాకా ఆగే ఓపిక లేదండీ" అంది ఈవిడ, కాస్త గర్వంగా, కాస్త దిగులుగా.

నాకైతే ఆ పిల్లే రైటనిపిస్తోంది. పన్నెండేళ్ళు మొగుడంటే భయంతో కాపురం చేయడం ఏం గొప్ప? కానీ ఆ చెవులు చూశాక... ఏమోరా, ఎదురుపడితే చెప్తా.

నంబరు తీసుకున్నా, నీకివ్వను. ఇస్తే చెల్లెమ్మ నా గుమ్మం ముందే ధర్నా చేస్తుంది. అదుగో, కాలవలో మా వంతు నీళ్ళొచ్చాయట, కేకేస్తున్నారు. ఉంటా.