పెట్రోలియం చదివే పిల్లలకు రిగ్గు చూపించండి

సంపాదకులు గారికి నమస్కారం.

ఈఏపీసెట్ కౌన్సెలింగ్ రోజులు వచ్చాయంటే మా జమ్మలమడుగులో కొందరు తల్లిదండ్రులు నన్ను వెతుక్కుంటూ వస్తారు. నేను పదో తరగతి వరకే చదివాను, బోరు బండి నడుపుకునేవాణ్ని. అయినా నన్ను అడగడానికి కారణం ఉంది. మా పాప గోదావరి వైపు ఒక ప్రైవేటు కాలేజీలో పెట్రోలియం ఇంజినీరింగ్ మూడో సంవత్సరం చదువుతోంది. "ఆ బ్రాంచి పెట్టుకోవచ్చా అన్నా?" అని అడుగుతారు. పెట్టుకోండనే చెబుతాను. అయితే దాంతో పాటు ఇంకో మాట కూడా చెప్పాల్సి వస్తోంది. నాలుగేళ్లు పెట్రోలియం చదివిన పిల్లల్లో చాలామంది, చమురు బావి తవ్వే రిగ్గు నడుస్తుండగా ఒక్కసారి కూడా దగ్గర నుంచి చూడకుండానే పట్టా తీసుకుంటున్నారు. ఈ సంగతి అధికారుల చెవిన పడాలనే మీకు రాస్తున్నాను.

మా పాప సెలవులకు వచ్చినప్పుడు డ్రిల్లింగ్ పుస్తకం ముందేసుకుని నాకు చెబుతుంది. మాటలు కొత్తవే గానీ పని నాకు తెలిసిందే. మేం కంప్రెసర్ గాలితో హ్యామర్ కొట్టించి ఆరున్నర అంగుళాల బోరు వేస్తాం. రాతిపొడిని పైకి తోసేది కూడా ఆ గాలే. పైన మట్టి ఉన్నంత వరకు కేసింగ్ దించుతాం, గట్టి రాయి తగిలాక ఇక అక్కర్లేదు. కదిరి వైపు గ్రానైటైనా, మా దగ్గర నాపరాయైనా, బోరు గోడ దానంతట అదే నిలబడుతుంది. గోదావరి డెల్టాలో ఇది కుదరదు. అక్కడ బంకమట్టి రాయి, ఇసుకరాయి పొరలు వేల అడుగుల లోతు దాకా ఉంటాయి. గ్యాస్ ఆ పొరల్లో ఒత్తిడి మీద ఉంటుంది. అందుకే గాలికి బదులు చిక్కటి బురద ద్రవాన్ని రాడ్ల లోపలి నుంచి దించి, బయటి సందులోంచి పైకి రప్పిస్తారు. దాన్ని మడ్ అంటారు. రాతి తునకల్ని పైకి తెచ్చేది అదే, రాయిని కొరికే బిట్టును చల్లబరిచేది అదే. కింద ఉన్న గ్యాస్‌ను బరువుతో అణిచి ఉంచేది కూడా అదే.

లెక్క మా పాపే చెప్పింది. మంచినీళ్లు నింపితే లోతు అడుగుకు 0.433 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) చొప్పున ఒత్తిడి పెరుగుతుంది. అంటే 10,000 అడుగుల బావి అడుగున 4,330 పీఎస్ఐ. గ్యాస్ ఒత్తిడి అంతకు మించి ఉంటే నీళ్ల బరువు చాలదు, మడ్ బరువు పెంచాలి. అలాగని మరీ పెంచితే రాయే పగిలి మడ్ అందులోకి పోతుంది. ఈ రెండింటి మధ్య నిలబెట్టడమే డ్రిల్లింగ్ ఇంజినీరు పని. బరువు కోసం కలిపేది ముగ్గురాయి పొడి. అది మన పాత కడప జిల్లా మంగంపేటలో దొరుకుతుంది. నీళ్ల కన్నా నాలుగు రెట్లకు పైగా బరువుంటుంది. ప్రపంచంలోని పెద్ద ముగ్గురాయి నిక్షేపాల్లో మంగంపేట ఒకటి. ఇక్కడి రాయి ఓడలెక్కి విదేశాల చమురు బావులకు పోతుంది. మన జిల్లాల నుంచి పెట్రోలియంలో చేరిన పిల్లల్లో ఎంతమందిని ఆ గని దగ్గరకు తీసుకెళ్లారు?

బెలుం గుహల చుట్టుపక్కల బోరు వేసేటప్పుడు ఒక్కోసారి రాయిలో బిలం తగులుతుంది. గాలి ఎటో పోతుంది, పొడి పైకి రాదు. బోరు బండి మీద కొత్తగా చేరిన కుర్రాడికి కూడా శబ్దం మారగానే తెలిసిపోతుంది. మా పాప పుస్తకంలో లాస్ట్ సర్క్యులేషన్ అని దీని మీద ఒక పాఠమే ఉంది. ఆ పాఠం తను చాలా బాగా చదివింది, పరీక్షలో మంచి మార్కులూ వచ్చాయి. కానీ ఆ శబ్దం మారడం తను విన్నది కాలేజీలో కాదు, నా బండి దగ్గర.

ఇది చిన్న విషయం కాదు. 1995 జనవరి 8న కోనసీమ పాశర్లపూడిలో బ్లోఅవుట్ జరిగింది. గ్యాస్ అదుపు తప్పి పైకి తన్నుకొచ్చి అంటుకుంది. ఆ మంట ఆర్పడానికి 65 రోజులు పట్టింది. నా వయసు వాళ్లెవరూ ఆ ఫొటోలు మర్చిపోయి ఉండరు. బావి మీద ఉన్న మనిషి ముందే గమనించాల్సిన గుర్తులు కొన్ని ఉంటాయట. ట్యాంకుల్లో మడ్ మట్టం పెరగడం, పంపులు ఆపినా మడ్ పైకి వస్తూనే ఉండటం అలాంటివి. ఆ గుర్తు కనిపించగానే బావి నోటి మీద ఉండే బ్లోఅవుట్ ప్రివెంటర్ అనే పెద్ద వాల్వు మూయాలి. అది పుస్తకంలో బొమ్మ చూస్తే అబ్బే పని కాదు.

ఇప్పుడు కాలేజీల సంగతి. మా పాప చదివేచోట ల్యాబులో మడ్ తూచే త్రాసు, మార్ష్ ఫన్నెల్ ఉన్నాయి. ఫన్నెల్‌లోంచి ఒక క్వార్ట్ (లీటరుకు కొంచెం తక్కువ) మంచినీళ్లు కారడానికి 26 సెకన్లు పట్టాలి, మడ్ అయితే ఇంకా ఎక్కువ పడుతుంది. దాన్ని బట్టి చిక్కదనం చూస్తారు. ఈ ప్రయోగాలు పిల్లలు చేశారు, సంతోషం. బావిలోంచి తీసిన రాతి ముక్కను కోర్ అంటారు, అందులో ఎంత ఖాళీ ఉందో, దాంట్లోంచి ద్రవం ఎంత తేలిగ్గా పారుతుందో కొలిచే పరికరం మాత్రం మూలన ఉందట, పనిచేయదు. చమురు నేల కింద చెరువులా నిలిచి ఉండదు, నీళ్లు పీల్చుకున్న ఇటుకలా రాయి లోపలి సందుల్లో ఉంటుంది. ఆ సందుల్ని కొలవడం రాకపోతే, చమురున్న రాతి పొర గురించి చెప్పే రిజర్వాయర్ పాఠం ఇక ఎందుకు?

ఇంటర్న్‌షిప్ సిలబస్‌లోనే ఉంది. జరిగింది ఏమిటంటే, ఒక శిక్షణ సంస్థ పిల్లల దగ్గర డబ్బు కట్టించుకుని హోటల్ హాల్లో స్లైడ్లు చూపించి సర్టిఫికెట్లు ఇచ్చింది. రిగ్గు కావాలని పిల్లలు గట్టిగా అడిగితే గేటు బయట నుంచి చూపించారు. అమ్మాయిలకైతే "మీకు ఆఫీసు ఉద్యోగాలే కదా వచ్చేది" అన్న మాట అదనం. చమురు బావులు గనుల చట్టం కిందికి వచ్చేవి. ఆ చట్టంలో ఆడవాళ్ల రాత్రి పని మీద ఉన్న నిషేధాన్ని కేంద్రం 2019లో సడలించింది. నేల మీద జరిగే పనుల్లో షరతులతో వాళ్లు రాత్రి షిఫ్టు కూడా చేయవచ్చు. చట్టమే దారి ఇచ్చాక ట్రైనింగు ఇచ్చేవాళ్లు అడ్డం పడటం న్యాయం కాదు.

రిగ్గు ప్రమాదకరమైన చోటని నాకూ తెలుసు. బోరు బండి దగ్గరే రాడ్లు మార్చేటప్పుడు వేళ్లు పోగొట్టుకున్నవాళ్లున్నారు. కాబట్టి ఎవరినిబడితే వాళ్లను రానివ్వమని నేను అనను. ముందు భద్రతా శిక్షణ ఇచ్చి, హెల్మెట్లు, బూట్లు వేయించి, చిన్న చిన్న బ్యాచ్‌లుగా తీసుకెళ్లాలి.

"కరెంటు బండ్లు వచ్చేశాయి, ఇంకా పెట్రోలు చదువులెందుకు?" అనే బంధువులు మాకూ ఉన్నారు. మన దేశం వాడే ముడి చమురులో 85 శాతానికి పైగా దిగుమతే. మా ఊళ్లో వరికి, పత్తికి చల్లే యూరియా సహజవాయువుతో తయారయ్యేదే. ఓర్వకల్లు వైపు 1,000 మెగావాట్ల సోలార్ పార్కు వచ్చినందుకు నాకూ గర్వమే, కానీ ఎండ నుంచి యూరియా ఇంకా రావడం లేదు. ఉద్యోగాల్లో ఒడుదొడుకులు ఉన్నమాట నిజం. 2014 మధ్యలో 100 డాలర్లు దాటిన ముడి చమురు పీపా ధర 2016 మొదట్లో 30 కిందికి పడింది, అప్పుడు ప్రపంచమంతా రిగ్గులు ఆగాయి. ఈ సంగతి తల్లిదండ్రులకు ముందే చెప్పాలి. ఇంకొకటి, డ్రిల్లింగ్ ఉద్యోగాలకు మెకానికల్ చదివినవాళ్లూ పోటీకి వస్తారు. వాళ్ల కన్నా మన పిల్లలకు ఎక్కువగా ఉండాల్సింది బావి గురించిన తెలివిడే కదా. అదే లేకపోతే బ్రాంచి పేరు తప్ప ఏం మిగిలింది?

విశాఖలో కేంద్రం పెట్టిన పెట్రోలియం, ఎనర్జీ సంస్థ ఉంది. అందులో సీటు రావాలంటే జేఈఈ అడ్వాన్స్‌డ్ ర్యాంకు కావాలి. నేను మాట్లాడేది ఈఏపీసెట్ ర్యాంకుతో మామూలు కాలేజీల్లో చేరే మా బోటి ఇళ్ల పిల్లల గురించి.

ఉన్నత విద్యామండలిని, యూనివర్సిటీలను నేను అడిగేది ఇదే. పెట్రోలియం విద్యార్థికి నడుస్తున్న రిగ్గు మీద కనీసం రెండు వారాల శిక్షణ తప్పనిసరి చేయండి. గత ఏడాది ఏ కాలేజీ పిల్లలను ఏ బావి దగ్గరకు తీసుకెళ్లిందో, ల్యాబులో ఏ పరికరాలు పనిచేస్తున్నాయో వెబ్ ఆప్షన్లు మొదలయ్యేలోపు అందరికీ కనిపించేలా పెట్టండి. ఆ వివరాలు ఇవ్వని కాలేజీకి ఆ బ్రాంచి సీట్లు ఇవ్వకండి. కృష్ణా గోదావరి బేసిన్‌లో పనిచేస్తున్న ఓఎన్‌జీసీ లాంటి సంస్థలు ఏటా కొన్ని బ్యాచ్‌లను తీసుకునేలా ప్రభుత్వం మాట్లాడాలి. సిఫార్సు ఉత్తరం తెచ్చుకోగలిగిన పిల్లలకే గేటు తెరుచుకునే పరిస్థితి పోవాలి.

మా కడప బేసిన్ కూడా దేశంలోని 26 అవక్షేప బేసిన్లలో, అంటే మట్టి, ఇసుక పొరలు పేరుకుని రాయిగా మారిన ప్రాంతాల్లో, ఒకటి. ఇక్కడ చమురు తీయడం లేదు గానీ, గండికోట లోయలో రాతి పొరలు ఒకదాని మీద ఒకటి కళ్ల ముందే కనిపిస్తాయి. ఏ కాలేజీ అయినా పిల్లలను ఇటు తీసుకొస్తే, మంగంపేట, గండికోట చూసుకుని మా ఊరు రావచ్చు. నా బండి చమురు రిగ్గు కాదు, మడ్ ఉండదు, బ్లోఅవుట్ ప్రివెంటర్ ఉండదు. కానీ రాడ్డు జోడించడం, కేసింగ్ దించడం, పొడి చూసి రాయి మారిందని చెప్పడం నేను చూపించగలను. ఎండాకాలం మాకు పని ఎక్కువ, అప్పుడొస్తే రోజూ ఏదో ఒక ఊళ్లో బోరు వేస్తూనే ఉంటాం. వారం ముందు కబురు చేస్తే చాలు. ఆ రోజు భోజనాలు మా ఇంట్లోనే.

ఇట్లు,
ఒక బోరు బండి యజమాని,
జమ్మలమడుగు, కడప జిల్లా.