ఇళ్ళకు వెళ్ళిన లెక్క సరే, వెళ్ళి ఏం చేశారు?

సంపాదక మహాశయులకు,

మంచాన పడిన వృద్ధుల ఇళ్ళకు వైద్య సిబ్బంది వెళ్ళే కార్యక్రమంలో మన జిల్లా లక్ష్యాన్ని నూరు శాతం సాధించిందని సమీక్షా సమావేశంలో అధికారులు ప్రకటించినట్లు గత వారం జిల్లా పేజీలో ప్రచురించారు. కోపం చల్లారాక రాయడం మర్యాద అని ఇన్నాళ్ళు ఆగాను గాని, అది చల్లారేలా లేదు.

మా అన్నయ్య పక్షవాతంతో మంచానికే పరిమితమయ్యారు కనుక ఆ నూరు శాతంలో మా ఇల్లూ ఉంది. ఆరోగ్య కార్యకర్త వస్తారు, బీపీ, షుగర్ చూస్తారు, ఫోనులో ఎక్కిస్తారు, ఫొటో తీసుకుంటారు, సిగ్నల్ అందకపోతే వీధి చివరికి వెళ్ళి అప్‌లోడ్ చేసుకుంటారు. నెత్తిన అన్ని సర్వేలు మోస్తున్న ఆమెను నేను తప్పుపట్టను. కానీ ఇంతవరకు ఒక్కరూ అన్నయ్యను పక్కకు తిప్పి వీపు చూసిన పాపాన పోలేదు. నడుము కింద ఎర్రమచ్చగా మొదలైన పుండు ఇప్పుడు లోతుగా దిగింది. రెండు గంటలకోసారి పక్క మార్చాలని డెబ్బై దాటిన మా వదినకు చెప్పింది మందుల షాపు కుర్రవాడు. యాప్‌లో మాత్రం బీపీ అదుపులో ఉంది, సందర్శన పూర్తయింది!

2010-11లో కేంద్రం మొదలుపెట్టిన జాతీయ వృద్ధుల ఆరోగ్య సంరక్షణ కార్యక్రమం మార్గదర్శకాల్లో, మంచాన పడినవారిని ఇంటికి వెళ్ళి చూడాలనే కాదు, వారిని కనిపెట్టుకుని ఉండే కుటుంబ సభ్యులకు శిక్షణ ఇవ్వాలని కూడా ఉంది. ఆశా కార్యకర్తలు నింపే ఫారంలో అరవై దాటినవారిని రోజువారీ పనులకు ఇతరుల సాయం కావాలా అని అడిగే ప్రశ్న ఉంది. ఆ ప్రశ్నకు అవునన్న ఇంటికి ఆ తర్వాత ఏం చేరిందో ఏ సమీక్షలోనైనా ఎవరైనా అడిగారా? తినడం, స్నానం, మంచం మీద నుంచి కుర్చీలోకి మారడం వంటి పది పనులకు మార్కులు వేసి మనిషి ఎంతవరకు కోలుకున్నాడో చెప్పే బార్తెల్ సూచిక 1965 నుంచి వాడుకలో ఉంది. దానికి యంత్రాలు అక్కర్లేదు, కాగితం, కలం, పావుగంట ఓపిక చాలు. ఆరు నెలలకోసారి ఆ మార్కులు వేసి, పుండ్లు ఎందరికి మానాయో, ఎందరికి కొత్తగా పడ్డాయో, చూసుకునేవారు రాత్రి నిద్రపోగలుగుతున్నారో లేదో రాసుకుంటే కార్యక్రమం పనిచేస్తోందో లేదో తేలిపోతుంది. బహుశా తేలడమే ఇష్టం లేదేమో.

చేతకాదని మాత్రం అనలేరు. ఒకటో తారీఖు తెల్లవారేసరికి పింఛను గుమ్మంలోకి వస్తోంది, ఆ విషయంలో ప్రభుత్వాన్ని మెచ్చుకుని తీరాలి. పదిహేను వేల పింఛను తీసుకునేవారు నిజంగా మంచాన పడ్డారా అని 2025 ఆరంభంలో వైద్య బృందాలను ఇళ్ళకే పంపారు. అనుమానం తీర్చుకోవడానికి గడప దాకా రాగలిగిన డాక్టరుకు, పుండుకు కట్టు కట్టడానికి మాత్రం దారి తెలియదు. పథకానికి పేరు మార్చడానికి, వ్యాన్లకు రంగు మార్చడానికి మాత్రం ఏ ప్రభుత్వానికీ తీరిక లేకపోలేదు. మన దక్షిణాదిలోనే ఉన్న కేరళ 2008లోనే పాలియేటివ్ కేర్ (నయం కాని జబ్బుతో ఉన్నవారి బాధ తగ్గించే సేవ) విధానం తెచ్చుకుంది. అక్కడ పంచాయతీ నర్సు ఇంటికి వచ్చి కట్టు కడుతుంది, మూత్రపు గొట్టం మారుస్తుంది, కావలసిన పని ఇంటివాళ్ళకు నేర్పుతుంది. మన దగ్గర ఫిజియోథెరపీ కావాలంటే లేవలేని మనిషిని ఆటోలో పడుకోబెట్టి మనమే పట్నానికి మోసుకుపోవాలి.

వచ్చే సమీక్షకు ముందు అధికారులు ముందుగా కబురు పెట్టకుండా ఏవైనా పది ఇళ్ళకు వెళ్ళి, దుప్పటి తొలగించి చూసి, అక్కడ కనిపించినది రాసి తేవాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. ఆ లెక్కను కూడా నూరు శాతం వార్త వేసినచోటే, అంతే పెద్ద అక్షరాలతో ప్రచురించగలరు.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు