ఊరి భూమి సంగతులు విప్పి చెప్పిన పెద్దాయనకు కృతజ్ఞతలు

ఇండోనేషియాలోని మధ్య జావాలో, క్లాటెన్ ప్రాంతంలో, మెరాపి అగ్నిపర్వతం దిగువన ఉన్న ఒక ప్రశాంతమైన వరి పల్లెలో భూమి హక్కులను అధ్యయనం చేయడానికి వెళ్లిన నాకు, కోతల హడావిడిలో కూడా విసుగు లేకుండా ప్రతి సందేహం తీర్చిన విశ్రాంత గ్రామ కార్యదర్శికి బహిరంగంగా ధన్యవాదాలు తెలుపుకుంటున్నాను. పేరు రాయవద్దని ఆయన కోరారు.

వరి మడి, ఇంటి చుట్టూ కొబ్బరి, అరటి పెరిగే పెరడు, ఇవే అక్కడి రైతు కుటుంబాలకు ప్రధానమైన ఆస్తి. సొంత పొలం లేనివారు అక్కడ ‘మరో’ అని పిలిచే పద్ధతిలో, అంటే పంటలో సగం యజమానికి ఇచ్చే ఒప్పందంతో సాగు చేస్తారు. గ్రామాధికారులకు సంప్రదాయంగా జీతానికి బదులుగా ఇస్తూ వచ్చిన బెంగ్కోక్ అనే భూమి మన పాత కరణం మాన్యాలను తలపిస్తుంది. అయితే అది పదవి ఉన్నంతకాలమే అనుభవించదగినది, వారసులకు రాదు.

నాకు అన్నింటికంటే ఉపయోగపడినది ఆయన ఇచ్చిన ఒక వివరణ. గ్రామ కార్యాలయంలోని లెటర్ సీ అనే భూమి నమోదు పుస్తకం మూలతః పన్ను లెక్క మాత్రమేననీ, 1960 భూ చట్టం తర్వాత ప్రభుత్వ భూ కార్యాలయం ఇచ్చే ధ్రువపత్రమే హక్కుకు బలమైన రుజువనీ ఆయన ఓపికగా చెప్పారు. సంప్రదాయం ప్రకారం కొడుకుకు రెండు వంతులు, కూతురికి ఒక వంతు వచ్చినా, సమానంగా పంచుకునే కుటుంబాలూ ఉన్నాయని కూడా తెలిపారు. ఆడపిల్లల వాటా గురించి ఆయన ఎంతో గౌరవంతో మాట్లాడటం నన్ను కదిలించింది.

అయ్యా, మీరు ఇచ్చిన సమయానికీ, మీ ఇంటివారు ప్రేమతో పెట్టిన భోజనానికీ నేను ఎన్నటికీ రుణపడి ఉంటాను.